డిస్కును మరిచిన కంటైనర్ వాదం

“కంటైనరే కదా, పోతే ఇంకొకటి లేపుకుందాం.” లైనక్స్ సర్వర్లు నడిపేవాళ్ళ మధ్య ఈ మాట వేదవాక్కులా చెలామణీ అవుతోంది. అమీర్‌పేటలో డాకర్, కుబెర్నెటీస్ నేర్చుకుని కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడూ ఇదే అంటాడు, ఏళ్ళ తరబడి సర్వర్లు చూసిన సీనియరూ ఇదే అంటాడు. దీనికి తోకల్లా ఇంకో రెండు మాటలు ఉన్నాయి. స్టోరేజీ గురించి ముందే ఆలోచించక్కర్లేదు, డిఫాల్ట్‌గా వచ్చింది చాలు అనేది ఒకటి. ఏదైనా తేడా వస్తే స్నాప్‌షాట్ ఉండనే ఉంది అనేది రెండోది. ఎల్‌ఎక్స్‌డీ మీదో, ఇన్‌కస్ మీదో సిస్టమ్ కంటైనర్లు నడిపేవారి విషయంలో ఈ మూడు మాటలూ తప్పని నా వాదన. వీటిని నమ్మినందుకు మూల్యం చెల్లించేది చెప్పినవాళ్ళు కాదు. ఆ కంటైనర్‌లో తమ లెక్కలు, ఉత్తరాలు, రికార్డులు పెట్టుకున్నవాళ్ళు.

ముందు మొదటి మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం. డాకర్ 2013లో బయటికి వచ్చింది. మొదట్లో అది ఎల్‌ఎక్స్‌సీ అనే కంటైనర్ సాధనం మీదే నడిచేది, 2014లో 0.9 వెర్షన్‌తో సొంత లైబ్రరీకి మారింది. ఎల్‌ఎక్స్‌సీ అంతకుముందే, 2008 నుంచీ ఉంది. అంటే డాకరూ, సిస్టమ్ కంటైనర్లూ ఒక తల్లి బిడ్డలే, కానీ దారులు వేరయ్యాయి. డాకర్ దారిలో ఒక కంటైనర్‌కు ఒక పని. ఇమేజ్ మారదు. నిలవ ఉండాల్సిన డేటాను ముందే ఆలోచించి వేరే వాల్యూమ్‌లోనో, బయటి డేటాబేస్‌లోనో పెడతారు. అలా పెట్టారు కాబట్టే కంటైనర్‌ను తీసి పారేసినా ఏమీ కాదు. ఆ నిశ్చింత వెనక స్టోరేజీ గురించి చేసిన పని చాలా ఉంది. మనవాళ్ళు ఆ పనిని వదిలేసి నిశ్చింతను మాత్రం తెచ్చుకున్నారు.

సిస్టమ్ కంటైనర్ సంగతి వేరు. అందులో పూర్తి లైనక్స్ వ్యవస్థ ఉంటుంది: సిస్టమ్‌డీ లేస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్ వింటుంది, క్రాన్ పనులు నడుస్తాయి, లాగ్‌లు పేరుకుంటాయి, వాడేవాళ్ళకు ఖాతాలు ఉంటాయి. ఏళ్ళ పాటు అప్‌డేట్లు తీసుకుంటూ బతుకుతుంది. దాన్ని ఒక్కసారి ఆపి చూడండి. నేమ్‌స్పేస్‌లు మాయమవుతాయి, సీగ్రూప్‌లు మాయమవుతాయి, ప్రాసెస్‌లు ఉండవు. కెర్నెల్‌లో దాని ఆనవాలే మిగలదు. మిగిలేది డిస్కు మీది ఫైళ్ళు, వాటితో పాటు కొన్ని వరుసల కాన్ఫిగరేషన్. ఆ కాన్ఫిగరేషన్ ప్రతి కూడా బ్యాకప్ డాట్ యామల్ అనే పేరుతో కంటైనర్ వాల్యూమ్‌లోనే ఉంటుంది. ఎల్‌ఎక్స్‌డీ డేటాబేస్ పాడైనా స్టోరేజీ పూల్ క్షేమంగా ఉంటే రికవర్ ఆదేశం ఆ ఫైళ్ళను చదివి కంటైనర్లను తిరిగి నమోదు చేయగలదు. పూల్ పోయి డేటాబేస్ మిగిలితే మాత్రం చేతిలో ఉండేది పేర్ల జాబితా. కాబట్టి సిస్టమ్ కంటైనర్‌కు స్టోరేజీ ఒక అనుబంధం అనుకోవడమే మొదటి తప్పు. ఆ స్టోరేజీయే కంటైనర్.

ఈ విషయం ఎల్‌ఎక్స్‌డీ, ఇన్‌కస్ రాసినవాళ్ళకు బాగా తెలుసు. ఆపగానే చెరిగిపోయే కంటైనర్ కావాలంటే ఎఫిమెరల్ అని విడిగా అడగాలి. అడగకపోతే కంటైనర్ ఉంటుంది, యంత్రాన్ని రీబూట్ చేసినా ఉంటుంది. పారేయడం మినహాయింపు, నిలవడం నియమం అని ఆ రూపకల్పనే చెబుతోంది. పరీక్షల కోసం పది నిమిషాలు లేపి చంపేసే కంటైనర్లు ఉన్నాయి. వాటి విషయంలో “పోతే పోయింది” అన్నది నూటికి నూరుపాళ్ళు సరైన మాట. దాన్ని ఆ పది నిమిషాల వాటికే పరిమితం చేయమంటున్నాను. క్రోమ్‌బుక్‌లో లైనక్స్ ఆన్ చేసుకుని ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థి రాసిన కోడ్ కూడా పెంగ్విన్ అనే సిస్టమ్ కంటైనర్‌లోనే ఉంటుంది. అది తనంతట తాను గూగుల్ డ్రైవ్‌కు వెళ్ళదు. యంత్రాన్ని పవర్‌వాష్ చేస్తే దానితో పాటే పోతుంది. ఆ పిల్లవాడికి వెళ్ళి “కంటైనరే కదా” అని చెప్పగలమా?

ఇక్కడ సర్వర్లను పెంపుడు జంతువులుగా కాక మందలో పశువులుగా చూడమనే ప్రసిద్ధ ఉపమానాన్ని ఎవరో ఒకరు తెస్తారు. పెంపుడు కుక్కకు పేరు పెడతాం, జబ్బు చేస్తే వైద్యం చేయిస్తాం. మందలో పశువుకు నంబరే ఉంటుంది, జబ్బు చేస్తే ఇంకోటి తెస్తాం అని దాని సారాంశం. వేల ఎకరాల పశుక్షేత్రాలున్న దేశంలో ఆ పోలిక కుదిరిందేమో. రెండు ఎడ్లతో సేద్యం చేసిన మన రైతు తన ఎద్దుకు పేరు పెట్టాడు, జబ్బు చేస్తే రాత్రంతా కొట్టంలో కూర్చున్నాడు, ఎందుకంటే అది పోతే ఆ ఏడు దుక్కి లేదు. ఒకే సర్వర్ మీద పదో పన్నెండో కంటైనర్లు నడుపుకునే కళాశాల, ఆసుపత్రి, చిన్న కంపెనీ పరిస్థితి ఆ రైతుదే. వేల సర్వర్లున్న సంస్థ తన కోసం రాసుకున్న సూత్రాన్ని వీళ్ళకు అంటగట్టకూడదు.

ఇంకొందరు కాస్త మెరుగైన వాదన చేస్తారు. “మా దగ్గర యాన్సిబుల్ ప్లేబుక్‌లు ఉన్నాయి, మొత్తం గంటలో తిరిగి కట్టేస్తాం” అంటారు. ప్లేబుక్ ప్యాకేజీలను, కాన్ఫిగరేషన్ ఫైళ్ళను తిరిగి పెడుతుంది. నిన్న మధ్యాహ్నం గుమాస్తా ఎక్కించిన బిల్లులను అది ఎక్కడి నుంచి తెస్తుంది? పైగా, రెండేళ్ళు నడిచిన సిస్టమ్ కంటైనర్‌లో ప్లేబుక్‌కు తెలియని మార్పులు ఉండకుండా ఉండవు. అర్ధరాత్రి అత్యవసరంగా ఎవరో లోపలికి వెళ్ళి సరిచేసిన సెట్టింగ్ ఉంటుంది, చేత్తో పెట్టిన క్రాన్ వరుస ఉంటుంది. ప్లేబుక్‌లు ఉండాలి, తప్పక ఉండాలి. డేటా పరిరక్షణకు అవి సమాధానం కావు.

ఇక డిఫాల్ట్ చాలన్న మాట. ఇన్‌కస్‌నో ఎల్‌ఎక్స్‌డీనో మొదటిసారి సిద్ధం చేసేటప్పుడు స్టోరేజీ గురించి కొన్ని ప్రశ్నలు వస్తాయి. అన్నిటికీ ఎంటర్ నొక్కుతూ పోతే, జెడ్‌ఎఫ్‌ఎస్ లేదా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అందుబాటులో ఉన్న యంత్రం మీద, లూప్ ఫైల్‌తో ఒక పూల్ తయారవుతుంది. లూప్ ఫైల్ అంటే హోస్ట్ ఫైల్ సిస్టమ్‌లో ఒక పెద్ద ఫైలు. దాన్నే డిస్కుగా చూపించి, దాని మీద మరో ఫైల్ సిస్టమ్ కడతారు. దాని పరిమాణం హోస్ట్‌లో ఖాళీగా ఉన్న చోటులో 20 శాతం; 5 జీఐబీకి తగ్గదు, 30 జీఐబీకి మించదు. మీ దగ్గర 4 టెరాబైట్ల డిస్కు ఉన్నా పూల్ 30 జీఐబీయే. తర్వాత పెంచుకోవచ్చు, తగ్గించలేరు. ప్రతి రాతా రెండు ఫైల్ సిస్టమ్‌ల గుండా వెళ్ళాలి కాబట్టి వేగం తగ్గుతుంది. విడి డిస్కునో పార్టిషన్‌నో ఇవ్వమని డాక్యుమెంటేషనే సలహా ఇస్తుంది.

వేగం తగ్గడం చిన్న ఇబ్బంది. పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఆ ఫైలు మొదట్లో డొల్లగా ఉంటుంది, రాసేకొద్దీ హోస్ట్ డిస్కులో చోటు ఆక్రమిస్తుంది. ఈలోగా హోస్ట్‌లో వేరే లాగ్‌లో, వేరే ఫైళ్ళో పెరిగి డిస్కు నిండితే, పూల్ లోపల ఇంకా సగం ఖాళీ కనిపిస్తున్నా రాత విఫలమవుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే పూల్ మొత్తాన్ని అక్కడే నిలిపేస్తుంది. ఒక కంటైనర్ కాదు, అన్నీ ఆగుతాయి. ఈ డిఫాల్ట్ ప్రయత్నించి చూసేవాళ్ళ కోసం పెట్టింది. ల్యాప్‌టాప్ మీద నేర్చుకోవడానికి అది మంచి ఏర్పాటు. దాని మీద ఒక సంస్థ దైనందిన వ్యవహారాన్ని నడిపించడం నేర్చుకునేవాడి సౌకర్యాన్ని భద్రతగా పొరబడటమే.

డిఫాల్ట్‌లో మరో లోపం పరిమితి లేకపోవడం. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పూల్‌లలో రూట్ డిస్కుకు సైజు చెప్పకపోతే కంటైనర్‌కు హద్దు ఉండదు. ఒక కంటైనర్‌లో అదుపు తప్పిన లాగ్ ఫైలు మొత్తం పూల్‌ను మింగితే, దాని పొరుగున ఏ తప్పూ చేయని డేటాబేస్ కంటైనర్ కూడా రాయలేక పడిపోతుంది. ప్రాసెసర్‌కూ మెమరీకీ శ్రద్ధగా హద్దులు పెట్టేవాళ్ళు డిస్కును గాలికొదిలేయడం నాకెప్పుడూ అర్థం కాలేదు. మెమరీ చాలకపోతే ఒక ప్రాసెస్ చస్తుంది, మళ్ళీ లేస్తుంది. డిస్కు చాలకపోతే సగం రాసిన డేటా మిగులుతుంది.

ఎల్‌వీఎం థిన్ పూల్ వాడేవాళ్ళకు ఈ ముప్పు ఇంకో రూపంలో ఉంది. అక్కడ ఒక్కో వాల్యూమ్‌కు డిఫాల్ట్‌గా 10 జీఐబీ ఇస్తారు, కానీ అది కాగితం మీది హామీ. 100 జీఐబీ పూల్ మీద 20 వాల్యూమ్‌లు సృష్టించినా ఎవరూ అడ్డుకోరు. అసలు చోటు అయిపోయిన రోజున, మామూలు అమరికలో, రాతలు 60 సెకన్లు క్యూలో నిలబడి ఆ తర్వాత ఎర్రర్‌తో వెనక్కి వస్తాయి. పూల్ తనంతట తాను పెరిగే ఏర్పాటు ఉంది. దాని పరిమితి డిఫాల్ట్‌గా 100 అని ఉంటుంది, అంటే ఆ ఏర్పాటు ఆపేసి ఉన్నట్టే. ఆ ఒక్క అంకెను మార్చుకోవాలని ఎంతమందికి చెప్పాం?

అసలు పోరు స్నాప్‌షాట్ దగ్గర. ఈ మూడు మాటల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లలో స్నాప్‌షాట్ క్షణంలో అయిపోతుంది, తీసిన వెంటనే దాదాపు చోటు తీసుకోదు, అప్‌గ్రేడ్ బెడిసికొడితే నిమిషంలో వెనక్కి తెస్తుంది. దాని విలువను నేను కాదనను. అయితే అది ఎక్కడ ఉంటుంది? అదే పూల్‌లో, అదే డిస్కు మీద, మారని బ్లాకులను అసలు డేటాతో పంచుకుంటూ ఉంటుంది. డిస్కు పోతే రెండూ పోతాయి. పూల్‌ను ఎవరైనా పొరపాటున తుడిచేస్తే రెండూ పోతాయి. కంటైనర్‌ను డిలీట్ చేస్తే దాని స్నాప్‌షాట్లూ దానితోనే పోతాయి. మూలం ఉన్నంత కాలమే ఉండే ప్రతిని బ్యాకప్ అనడానికి వీల్లేదు.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ ఒకటి తగలబడింది. ఎస్‌బీజీ2 అనే ఐదంతస్తుల భవనం పూర్తిగా కాలిపోయింది. సర్వర్లు పోయినవాళ్ళలో కొందరికి బ్యాకప్‌లు ఉన్నాయి, అవీ అదే భవనంలో ఉన్నాయి. బ్యాకప్ సేవకు డబ్బు కట్టిన ఒక ఖాతాదారు కోర్టుకు వెళితే, అసలునూ ప్రతినీ ఒకే చోట ఉంచడాన్ని తప్పుపడుతూ 2023లో వాణిజ్య న్యాయస్థానం పరిహారం చెల్లించమంది. ఒకే భవనంలో రెండు యంత్రాల మీద ఉన్నదాన్నే న్యాయస్థానం రక్షణగా ఒప్పుకోలేదు. ఒకే డిస్కు మీద ఉన్న స్నాప్‌షాట్‌ను మనం ఎలా ఒప్పుకుంటున్నాం?

“గిట్‌ల్యాబ్‌ను కాపాడింది స్నాప్‌షాటే కదా” అని ఎదురు ప్రశ్న వేస్తారు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ ఇంజనీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీని తుడిచేశారు. బ్యాకప్‌ల కోసం వెతికితే, రోజూ నడవాల్సిన పీజీడంప్ వెర్షన్ తేడా వల్ల ఎప్పటి నుంచో విఫలమవుతోందని, క్లౌడ్‌లోని బకెట్ ఖాళీగా ఉందని, వైఫల్యాన్ని చెప్పాల్సిన ఈమెయిళ్ళు చేరడం లేదని తేలింది. చివరికి పనికొచ్చింది సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్. కాకపోతే అది అసలు సర్వర్ మీదే పడి ఉండలేదు. దాన్ని స్టేజింగ్ యంత్రానికి తరలించారు, తెచ్చుకున్నది అక్కడి నుంచే. కాపాడిన గుణం స్నాప్‌షాట్ కావడంలో లేదు, వేరే యంత్రానికి ప్రయాణం చేయడంలో ఉంది. ఈ ఉదాహరణ నా పక్షానే సాక్ష్యం చెబుతోంది.

స్నాప్‌షాట్ మీద గుడ్డి నమ్మకం పెట్టుకున్నవాళ్ళు దాని లోపలి పనితీరునైనా తెలుసుకోవాలి. అది తనంతట తాను జరగదు, షెడ్యూల్ పెట్టాలి. పెట్టాక, గడువు చెప్పకపోతే పాతవి ఎప్పటికీ చెరగవు. అవి పాత బ్లాకులను పట్టుకుని ఉంటాయి కాబట్టి, పూల్ నిండిందని కంగారుగా కంటైనర్ లోపలికి వెళ్ళి పెద్ద ఫైళ్ళు తీసేసినా ఒక్క మెగాబైటూ ఖాళీ కాదు. పైగా జెడ్‌ఎఫ్‌ఎస్‌లో కంటైనర్ పరిమితిని లెక్కించేటప్పుడు డిఫాల్ట్‌గా స్నాప్‌షాట్లనూ కలిపే లెక్కిస్తారు. లోపల ఉన్న డేటా తక్కువే అయినా డిస్కు నిండిందనే సందేశం వస్తుంది. మొన్నటి స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్ళాలంటే జెడ్‌ఎఫ్‌ఎస్ నేరుగా ఒప్పుకోదు. అన్నిటికన్నా తాజాదానికే వెళ్ళనిస్తుంది. పాతది కావాలంటే మధ్యలోవి చెరిపేయడానికి అనుమతించాలి, లేదా పాత స్నాప్‌షాట్ నుంచి కొత్త కంటైనర్ సృష్టించుకోవాలి. రెండో దారే మంచిది. అది ముందే తెలిసి ఉండాలి, ఆపద మధ్యలో నేర్చుకునేది కాదు.

మరో గుంత ఉంది, దాని గురించి దాదాపు ఎవరూ మాట్లాడరు. శ్రద్ధగలవాళ్ళు డేటాబేస్‌ను రూట్ డిస్కులో కాకుండా కస్టమ్ వాల్యూమ్‌లో పెట్టి కంటైనర్‌కు తగిలిస్తారు. చాలా మంచి పద్ధతి. అయితే ఇన్‌కస్ 6.0 ఎల్‌టీఎస్‌లో కంటైనర్‌ను స్నాప్‌షాట్ తీసినా, ఎగుమతి చేసినా, ఆ కస్టమ్ వాల్యూమ్ అందులోకి రాదు. దానికి వేరేగా స్నాప్‌షాట్ తీయాలి, వేరేగా ఎగుమతి చేయాలి. కంటైనర్‌ను రోజూ బ్యాకప్ చేస్తున్నామని ధీమాగా ఉండి, విలువైన భాగాన్ని మాత్రం ఒక్కసారీ బ్యాకప్ చేయకుండా ఏళ్ళు గడిపేయవచ్చు. జాగ్రత్తపరుణ్ణే శిక్షించే లోపం ఇది.

నడుస్తున్న డేటాబేస్ మీద తీసిన స్నాప్‌షాట్ కరెంటు పోయిన క్షణంలోని డిస్కులా ఉంటుంది. పోస్ట్‌గ్రెస్, ఇన్నోడీబీ తమ లాగ్‌తో దాన్నుంచి కోలుకోగలవు, అదీ డేటా, లాగ్ ఒకే వాల్యూమ్‌లో ఉంటే. అన్ని సాఫ్ట్‌వేర్లకూ ఆ శక్తి లేదు. అందుకే డేటాబేస్ సొంత డంప్ ఒకటి విడిగా ఉండాలి. ఇక టార్‌తో పూల్ డైరెక్టరీని చేత్తో కట్టి దాచుకునేవాళ్ళకు ఒక మాట: కంటైనర్ లోపలి రూట్ యూజర్‌కు హోస్ట్ దృష్టిలో వేరే పెద్ద యూఐడీ ఉంటుంది. లైనక్స్ 5.12లో ఐడీమ్యాప్డ్ మౌంట్లు వచ్చేదాకా ఆ పెద్ద అంకెలనే ఫైళ్ళ యాజమాన్యంగా డిస్కు మీద రాసేవారు, ఇప్పుడు కొన్ని చోట్ల రాస్తారు, కొన్ని చోట్ల రాయరు. ఈ తేడా పట్టించుకోకుండా తెచ్చి పోస్తే యాజమాన్యాలన్నీ తారుమారవుతాయి. సాధనం ఇచ్చిన ఎగుమతి ఆదేశం ఉండగా ఈ తిప్పలు ఎందుకు?

అన్నిటికీ జెడ్‌ఎఫ్‌ఎస్ పెట్టేస్తే సరి అనే పక్షం ఒకటి ఉంది. వాళ్ళతో నాకు సగం ఏకీభావమే. చెక్‌సమ్‌లు, పంపే స్వీకరించే సౌకర్యం, పరిణతి చూస్తే ఒక్క యంత్రం మీద నా మొదటి ఎంపిక కూడా అదే. కానీ దాని రికార్డ్ పరిమాణం డిఫాల్ట్‌గా 128 కేబీ, పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కేబీ, ఇన్నోడీబీ పేజీ 16 కేబీ. చిన్న మార్పుకు పెద్ద రాత పడుతుంది. డేటాబేస్ వాల్యూమ్‌కు ఆ అంకెను విడిగా తగ్గించకుండా “జెడ్‌ఎఫ్‌ఎస్ నెమ్మది” అని తిట్టేవాళ్ళూ, అంకె చూడకుండానే పొగిడేవాళ్ళూ ఒకే పొరపాటు చేస్తున్నారు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కెర్నెల్‌లోనే ఉంది, చిన్న యంత్రాలకు హాయిగా సరిపోతుంది. రెయిడ్ 5, 6 మాత్రం దాని మీద వద్దు. సెఫ్ మూడు నకళ్ళు ఉంచుతుంది, ఒక సర్వర్ పోయినా నడుస్తుంది. అదీ బ్యాకప్ కాదు: మీరు చెరిపేస్తే మూడు చోట్లా విధేయంగా చెరిపేస్తుంది. డైరెక్టరీ రకం పూల్‌లో ప్రతి స్నాప్‌షాటూ పూర్తి నకలే. నెమ్మది, కానీ ఎక్కడైనా నడుస్తుంది. ఏది ఎంచుకున్నా ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యంలో చెప్పగలగాలి. “అదే వచ్చింది” అన్నది కారణం కాదు.

ఇదంతా ఖర్చుతో కూడిన పని అనేవారికి నా జవాబు సూటిగా ఉంటుంది. పూల్‌కు విడి డిస్కు ఇవ్వడానికి, రూట్ డిస్కుకు సైజు రాయడానికి, స్నాప్‌షాట్‌కు షెడ్యూలుతో పాటు గడువు పెట్టడానికి రూపాయి ఖర్చు లేదు లేదా అతి తక్కువ. రెండో యంత్రం కావాలి, నిజమే. అది పాతదైనా పర్వాలేదు, వేరే భవనంలో ఉంటే చాలు. దాన్ని రిమోట్‌గా చేర్చి, రిఫ్రెష్ ఎంపికతో కాపీ ఆదేశాన్ని రోజూ నడిపితే మారిన భాగమే వెళుతుంది. కస్టమ్ వాల్యూమ్‌లకూ విడిగా అదే ఏర్పాటు చేయాలి. ఇంత పనికి ముందు కూర్చుని ఆలోచించే ఒక పూట కావాలి, అంతే.

సర్వర్లు నడిపే మిత్రులారా, శిక్షణ ఇచ్చే గురువులారా! “పోతే ఇంకొకటి” అనే పాఠానికి ముందు డేటా ఎక్కడ ఉందో అడిగే పాఠం చెప్పండి. మీ పూల్ లూప్ ఫైల్ మీద ఉందో విడి డిస్కు మీద ఉందో ఈ రోజే చూడండి. కంటైనర్లకు తగిలించిన కస్టమ్ వాల్యూమ్‌ల జాబితా తీసి, ఒక్కోదాని చివరి బ్యాకప్ తేదీ పక్కన రాయండి. తర్వాత మీకు అన్నిటికన్నా ముఖ్యమైన కంటైనర్ ప్రతిని వేరే యంత్రం మీద లేపి, అసలు సర్వర్‌ను ముట్టుకోకుండా అందులోకి లాగిన్ అయి, నిన్నటి రికార్డు కనిపిస్తుందో లేదో మీ కళ్ళతో చూసుకోండి.